బొగ్గులమ్మ కళ్ళు

ఊరంతా కరెంటు కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తుంటే, ఫ్రాంక్లిన్‌కి మాత్రం కరెంటు చచ్చిన చోటు చూడాలని సరదా పుట్టింది. సరదాకి వేళాపాళా ఏముంది! యాంగోన్‌లో ఏ వీధికి ఎప్పుడు కరెంటు ఇస్తారో, ఎప్పుడు తీస్తారో ఆ ఇచ్చేవాళ్ళకే తెలియదు. వచ్చినప్పుడు మాత్రం "మీ లాబీ!" అని, కరెంటొచ్చిందోచ్ అని, పిల్లా పెద్దా ఒకే గొంతుతో అరుస్తారు. అలాంటి ఊళ్ళో, బోటాటౌంగ్ దాటాక ఏటి ఒడ్డున మూతపడి తుప్పు పట్టిపోతున్న పాత పవర్ హౌసు లోపల వీడియో తీస్తానని, దారి చూపించమని, పొద్దున్నే మణిమాల దోసెల బండి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఆంటీ, మీ ఫాదర్ అక్కడ బాయిలర్ ఫైర్‌మన్ కదా. లోపల దారులన్నీ మీకు తెలుసంట. మాకు చూపిస్తారా?" అన్నాడు. చర్చిలో నేర్చుకున్న తెలుగు, తడబడుతున్నా మర్యాదగానే ఉంది. పక్కన తిరి అనే బర్మా అమ్మాయి, చెంపలకి బర్మావాళ్ళు పూసుకునే థనకా చెక్క గంధం రాసుకుని, మెడలో కెమెరా వేసుకుని నవ్వుతోంది.

మణిమాల చేతిలో అట్లకాడ గాల్లోనే ఆగిపోయింది. పెనం మీద దోసె మాడి పొగలొచ్చింది. ఆ పవర్ హౌసులోనే, బాయిలర్ల వెనక పంపు గదిలో, ఆమె కొడుకు ధర్మరాజు దాక్కుని ఉన్నాడు.

కుర్రాళ్ళని లాటరీ తీసి సైన్యంలోకి పట్టుకెళ్తున్న రోజులు. వానలు మొదలైనప్పుడు వార్డులో తీసిన లాటరీలో ధర్మరాజు పేరొచ్చింది. ఏ లాటరీలోనూ ఏనాడూ ఏమీ తగలని ఇల్లు వాళ్ళది. తగిలిన ఒక్కటీ ఇది. కొడుకు సరిహద్దు దాటి థాయిలాండ్ వెళ్ళిపోయాడని తాముండే కూలీల ఇళ్ళ లైనులో అందరికీ చెప్పేసింది మణిమాల. ఏటి ఒడ్డున గోంగూర కోసుకుంటానని చెప్పి, బుట్టలో అడుగున అన్నం గిన్నె పెట్టుకుని వెళ్తుంది, పైన గోంగూర కప్పుకుని తిరిగొస్తుంది. చలికాలం వచ్చింది. ఇంతవరకూ పిట్టకి కూడా తెలియలేదు.

"ఏటున్నాది బాబూ అక్కడ? పాములున్నాయి. పైకప్పు నెత్తిమీద పడిపోద్ది," అంది.

"పాములుంటే ఇంకా మంచిది ఆంటీ, అందరూ చూస్తారు. మీరు రాకపోయినా పర్లేదు. వాచ్‌మన్ మూలమూలా చూపిస్తానన్నాడు."

మూలమూలా అన్న మాట వినగానే మణిమాల పొయ్యి ఆర్పేసింది. తను వెంట ఉంటే చూపించకూడని మూల తప్పించవచ్చు. "వాచ్‌మన్‌కేటి తెల్సు! పదండి, నేనే సూపిత్తాను," అంది.

ఫ్రాంక్లిన్ మింగళ తౌంగ్‌న్యున్‌లో ఉండే తెలుగు బాప్టిస్టుల కుర్రాడు. పాడుబడిన బంగళాలూ, మూసేసిన సినిమా హాళ్ళూ, నాచు పట్టిన మిల్లులూ వెతుక్కుంటూ వెళ్ళి వీడియోలు తీసి ఫేస్‌బుక్‌లో పెడతాడు. ఉన్న కొంపల్లో ఉండలేక జనం ఊరొదిలి పారిపోతుంటే, మనుషుల్లేని కొంపల్ని చూడ్డానికి అంతమంది ఎగబడటం ఏమిటో! అతనిదీ ధర్మరాజు వయసే. వాళ్ళ నాన్న చౌక్తడా పేట ఆఫీసులో ఎవరినో పట్టుకుని ఏదో మాట్లాడుకున్నాడట, కుర్రాడి పేరు లాటరీ డబ్బాలోకే వెళ్ళలేదు. కాబట్టే అతను పాడుబడిన చోట్లకి సరదాకి వెళ్తాడు. ధర్మరాజు ప్రాణభయంతో వెళ్ళాడు.

ఆ పవర్ హౌసు ఈ పిల్లలకి పాత కట్టడం, మణిమాలకి నాన్న. ఆమె నాన్న దండాసి కడదాకా ఆ బాయిలర్లకి బొగ్గు వేశాడు. అంతకుముందు తాత వేశాడు, ఆయన గంజాం నుంచి ఓడెక్కి, ఈ ఊరిని రంగం అనే రోజుల్లో వచ్చిన మనిషి. ఎప్పుడో మూడో బాయిలర్ తలుపు ఊడి, మంట బయటికి తన్ని మనుషులు కాలిపోయారట. ఆ తర్వాత ఆ ఇనప తలుపుకే పసుపు రాసి, కుంకం పెట్టి, వెండి కళ్ళు అతికించి బొగ్గులమ్మ అని మొక్కడం మొదలెట్టారు. డ్యూటీకి వచ్చినవాడు మొదటి పార బొగ్గు ఆమెకి చూపించి, ఆమె కుంకం తన నుదుట పెట్టుకున్నాకే పనిలోకి దిగాలి. బోసి మొహంతో ఆమె ముందు నుంచి నడిచినా, ఆమెని బోసి మొహంతో వదిలేసినా ఆ ఇంటికి మంచిది కాదని నమ్మకం. పవర్ హౌసు మూసిన రోజున దండాసి ఆ వెండి కళ్ళు ఊడదీసి, గుడ్డలో మూటకట్టి ఇంటికి తెచ్చుకున్నాడు.

కొడుకుని దాచడానికి తీసుకెళ్ళినప్పుడు మణిమాలకి ఆ తలుపు బోసిగా కనిపించింది. నా బిడ్డని నీ ఇంట్లో పెట్టుకో తల్లీ అని అడుగుతూ, ఆ తల్లిని అలా ఎలా వదిలేస్తుంది? మర్నాడే చింతపండుతో తోమి, పసుపు రాసి, నాన్న మూటలోని కళ్ళు తెచ్చి అతికించింది. వెళ్ళిన ప్రతిసారీ కాస్త కుంకం, నాలుగు బంతిపూలు.

"ఇదంతా ఏలమ్మా? ఎవులైనా సూత్తే లోపల మనిసున్నాడని తెల్దా?" అన్నాడు ధర్మరాజు.

"నోర్మూసుకుని బొట్టెట్టుకో. ఆయమ్మ ముందు బొట్టు నేకుండా ముద్ద ముట్టేవంటే సంపుతాను," అంది. కొడుకు బొట్టు పెట్టుకున్నాకే గిన్నె మూత తీసింది.

ఇప్పుడు ఏటి వైపు బూడిద కాలవలోంచి ముగ్గురూ వంగి లోపలికి దూరారు. మణిమాల కావాలనే వాళ్ళని బాయిలర్ల వైపు పోనివ్వకుండా టర్బైన్ల హాలుకి తిప్పింది. టర్బైన్లు ఎప్పుడో పాత ఇనుము కింద అమ్ముడుపోయాయి, సిమెంటు దిమ్మలు మిగిలాయి. పైన రేకుల చిల్లుల్లోంచి ఎండ పడుతోంది. గోడ పగుళ్ళలోంచి రావి మొక్కలు లేచాయి. ఆ ఇద్దరూ తుప్పుని చూసి "అబ్బా" అంటున్నారు, పగిలిన అద్దాన్ని చూసి "అబ్బా" అంటున్నారు. నాన్న చెమటోడ్చినప్పుడు ఇటు తొంగిచూసిన నాథుడు లేడు, పాడుపడ్డాక ఇంత ముచ్చటా అని మణిమాలకి చిర్రెత్తుకొచ్చింది.

కంట్రోల్ రూములో మీటర్ల వరస ముందు తిరి నిలబడి, పెద్ద హ్యాండిల్ ఒకటి పట్టుకుని, "బోటాటౌంగ్‌కి కరెంటు ఇవ్వమంటారా?" అని బర్మీస్‌లో అడిగింది. ఫ్రాంక్లిన్ పడీపడీ నవ్వాడు. మణిమాలకీ నవ్వొచ్చింది. గోడకి అవతల తన బిడ్డ ఊపిరి బిగబట్టుకుని కూర్చుని ఉంటాడు. ఈ నవ్వులు వాడికీ వినిపించే ఉంటాయి.

"అయిపోనాది. పదండి, ఎల్లిపోదాం."

"బాయిలర్లు చూడలేదు కదా ఆంటీ?"

"అక్కడేటీ నేదు. బూడిద."

"బూడిద బావుంటుంది ఆంటీ," అంటూ అతనే ముందు నడిచాడు. కాలనివాళ్ళకి బూడిద బావుంటుంది మరి.

లోపల చీకటిగా ఉంది. ఫ్రాంక్లిన్ టార్చి వేశాడు. ఎదురుగా రెండు వెండి కళ్ళు తళుక్కుమన్నాయి. తిరి కెవ్వున అరిచింది. ఆ అరుపుకి వెనక పంపు గదిలో ఏదో గిన్నె దొర్లిన చప్పుడైంది.

"ఎవరది?" అని ఫ్రాంక్లిన్ టార్చి అటు తిప్పబోయాడు.

మణిమాల ఇక ఆలోచించలేదు. బాయిలర్ తలుపు ముందు దభీమని సాష్టాంగపడింది. "తల్లీ బొగ్గులమ్మా! మనుసులొచ్చేరు తల్లీ, కెమెరాలట్టుకొచ్చేరు! నా బిడ్డని నీ కడుపులో దాసుకో తల్లీ! కదలనీకు, మెదలనీకు!" అని గొంతు చించుకుంది. కొడుకుకి వినపడాలని అంత గట్టిగా అరిచింది. టార్చీ, కెమెరా రెండూ పంపు గదిని వదిలి ఆమె మీదికి తిరిగాయి. ఆమెకి కావలసిందీ అదే.

"ఈ పూలు ఫ్రెష్‌గా ఉన్నాయి. మీరే పెట్టారా?" అన్నాడు ఫ్రాంక్లిన్, గొంతు తగ్గించి.

"నేనే బాబూ. గోంగూరకొచ్చినప్పుడల్లా ఎడతాను."

"ఏం అడుగుతారు ఈ అమ్మవారిని?"

ఉత్తినే అంటే అనుమానిస్తారేమో అనిపించింది మణిమాలకి. రోజూ ఇంత దూరం వచ్చే మనిషికి గట్టి కారణం ఉండాలి. "పిల్లల్ని కాత్తాది బాబూ. నా కొడుకు పేరొచ్చినప్పుడు ఈయమ్మకే మొక్కుకున్నాను. ఎవుల కంటా పడకండా దాటించీసి, సల్లగా ఒడ్డుకి సేర్సినాది," అంది. లైనులో చెప్పిన అబద్ధమే. దానికి ఇప్పుడు అమ్మవారిని సాక్ష్యం తెచ్చింది.

ఫ్రాంక్లిన్ కళ్ళు చెమర్చాయి. "మీ ఫేస్ కనపడకుండా చేస్తాను ఆంటీ, మీకు ప్రాబ్లం రాదు," అన్నాడు. పంపు గది సంగతి మర్చిపోయి, ఆమె చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా బయటికి నడిపించాడు. మంచివాడే. చెడ్డవాడైతే ఎలా తప్పించుకోవాలో ఆమెకి తెలిసుండేది.

కొడుకు దొరకలేదన్న సంతోషంతో ఆ పూట మణిమాల దోసెల మీద నెయ్యి కూడా వేసింది. ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. వీడియోని ఊరంతా చూసింది. కొడుకుల్ని కన్న ప్రతి తల్లీ చూసింది. మొదట బాయిలర్ పనివాళ్ళ కుటుంబాల ఆడవాళ్ళు వచ్చారు, తర్వాత మింగళ తౌంగ్‌న్యున్ నుంచి, ఆ తర్వాత ఊళ్ళ నుంచి. తెలుగువాళ్ళు, ఒరియావాళ్ళు, బర్మావాళ్ళు. వాచ్‌మన్ తలుపులు బార్లా తీసి చెప్పుల దగ్గర కూర్చున్నాడు. తలుపు ముందు ఆడవాళ్ళు మణిమాల అరిచిన మాటలనే మంత్రంలా చదువుతున్నారు. "నా బిడ్డని నీ కడుపులో దాసుకో తల్లీ, కదలనీకు, మెదలనీకు." పక్కనే గోడ వెనక ఆమె బిడ్డ కదలకుండా మెదలకుండా కూర్చున్నాడు.

అన్నం గిన్నె తీసుకెళ్ళడానికి దారి లేకపోయింది. పొద్దున్నుంచి చీకటిపడే దాకా జనమే. చీకటిపడితే కర్ఫ్యూ. మణిమాలకి ముద్ద దిగలేదు. ఇంతలో లైనులో కొత్త కబురు పుట్టింది. సాయంత్రం పెట్టిన పళ్ళూ కొబ్బరీ పొద్దున వెళ్ళేసరికి ఉండటం లేదట, అమ్మవారే ఆరగిస్తోందట!

ఆ మాట చెప్పింది పక్క గది జయ. జయకీ ఒక కొడుకున్నాడు, వాడి వయసూ అదే. మణిమాల కొంగు నోట్లో కుక్కుకుని గదిలోకి పరుగెత్తి ఏడుస్తూ నవ్వింది. తిన్నది ఎవరో ఆమె ఒక్కతికే తెలుసు. కడుపు నిండుతోందిలే అనుకుంది. ఆ తర్వాత ఆమె ఊరుకుందా? తల్లి ఊరుకోదు. "ఉత్త పళ్ళేటి, ఆయమ్మకి పెరుగన్నమంటే పానం," అని జయతో అంది. మరో రోజు, "గోంగూరలో ఎండురొయ్యలేసి వొండి ఎట్టండి. మా అయ్య ఎప్పుడూ సెప్పేవోడు, బొగ్గులమ్మకి అదే ఇష్టమని," అంది. అమ్మవారికి ఎండురొయ్యలేమిటని ఎవరో ముక్కున వేలేసుకున్నారు గాని, ఫైర్‌మన్ కూతురు చెప్పాక ఎదురేముంది? వండి పెట్టారు. పొద్దున చూస్తే గిన్నె నాకేసినట్టు ఉంది. ఇక జనం ఆగలేదు.

మణిమాల ఈలోగా కొడుకుని ఏటికి అవతల ఉన్న దలా ఊరికి దాటించడానికి ఒక పడవవాణ్ణి కుదుర్చుకుంది. తెల్లవారుజామున, జనం రాకముందే బూడిద కాలవ దగ్గర పడవ ఆగుతుంది. ఇంకొక్క రాత్రి గడిస్తే చాలు.

బాప్టిస్టు కుర్రాడికి ఈ మహత్యాలు గిట్టలేదు. తన వీడియో వల్ల జనం మూఢత్వంలో పడ్డారని చర్చిలో పెద్దలు కూడా గడ్డి పెట్టారట. తినేది ఎలకలని చూపించేస్తే పీడ పోతుందనుకున్నాడు ఫ్రాంక్లిన్. ఆ సాయంత్రం ఆడవాళ్ళు వెళ్ళిపోతుంటే, అమ్మవారి పక్కన బంతిపూల మధ్య తన ఫోను ఆనించి, లైవ్ పెట్టేసి వచ్చాడు. ఎదురుగా పళ్ళేలు, పక్కనే పెద్ద ప్రమిద.

లైనులో అప్పటికి కరెంటు లేదు. అందరూ గదుల్లోంచి బయటికొచ్చి కూర్చున్నారు. మణిమాలని అక్క వరసలో అప్పా అని పిలిచే జయ ఫోను పట్టుకుని అరిచింది. "అప్పా! రా బేగి! అమ్మోరు తింతాదట, సూపిత్తన్నారు!"

మణిమాల వెళ్ళేసరికి పదిమంది తలలు ఆ ఫోను మీద వాలి ఉన్నాయి. ప్రమిద వెలుగు, పళ్ళేలు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక నీడ వచ్చింది. గడ్డం పెరిగి, చొక్కా వేలాడుతూ ఒక కుర్రాడి వీపు. అరటిపండు మీద చెయ్యి వేశాడు.

"తీసుకుని ఎల్లిపో," అని మణిమాల పెదాలు కదిలాయి. వీపే కదా కనిపిస్తోంది. వీపు ఎవరిదో ఎవరు చెప్పగలరు?

ధర్మరాజు పండు తీసుకుని ఆగాడు. ఏదో గుర్తొచ్చినట్టు పండు పళ్ళెంలో పెట్టేశాడు. అమ్మవారి వైపు తిరిగాడు. దీపం వెలుగులోకి వంగి, తలుపు మీది కుంకం వేలితో తీసి, కళ్ళు మూసుకుని, నిదానంగా నుదుట పెట్టుకున్నాడు. అమ్మ చెప్పినట్టే, చక్కగా, మొహం అంతా కనబడేలా.

"అప్పా," అంది జయ. "మన దర్మా."

వాడు పండు ఒలుచుకుని తినడం కూడా అందరూ చూశారు. రెండోది తింటుండగా ఫోనులో సైనికుల బూట్ల చప్పుడు వినిపించింది. సరిగ్గా అప్పుడే వీధి దీపాలు భగ్గున వెలిగాయి. నాలుగు వీధుల పిల్లలూ "మీ లాబీ! మీ లాబీ!" అని గంతులేశారు.

ధర్మరాజుని ఎక్కడికి పట్టుకెళ్ళారో ఆ తర్వాత మణిమాలకి ఎవరూ చెప్పలేదు. వార్డు ఆఫీసు ముందు కూర్చుంది, గెంటేశారు. మళ్ళీ కూర్చుంది. ఫ్రాంక్లిన్ తన పేజీ మొత్తం చెరిపేశాడు. ఒకరోజు బండికి ఎదురుగా రోడ్డు అవతల నిలబడ్డాడు. చాలాసేపు నిలబడి, దాటలేక వెళ్ళిపోయాడు. మణిమాల పిలవలేదు.

ఆ నెల ఆ లైను నుంచి ఒక్కణ్ణే పంపాలట. ధర్మరాజుతో లెక్క సరిపోయింది. జయ సగం కొబ్బరి చిప్ప, రెండు పళ్ళూ పళ్ళెంలో పెట్టుకుని గుమ్మం దగ్గరికొచ్చి తల దించుకుని నిలబడింది.

"పెసాదం అప్పా."

"తరవాత పేరు మీ వోడిదేనా?" అంది మణిమాల.

జయ ఏడ్చింది. "నేనేటి సెయ్యనప్పా? మొక్కుకున్నాను. తీర్సుకోపోతే మళ్ళీ..."

ప్రసాదం కాదనకూడదు. మణిమాల ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుని నమిలింది. ఎంతసేపు నమిలినా మింగుడు పడలేదు. జయ మీద కోపం తెచ్చుకుందామని చూసింది, అదీ రాలేదు. ఆ తల్లి అడిగిందీ తను అడిగిందే.

ఇంత జరిగాక అక్కడ జనం తగ్గి ఉండాలి. తగ్గలేదు. చెరిపేసింది ఫ్రాంక్లిన్ ఒక్కడే, మొదటి వీడియో అప్పటికే ప్రతి తల్లి ఫోన్‌లోనూ ఉంది. తర్వాత జరిగింది నమ్మడం ఎవరికీ ఇష్టం లేదు. వార్డు ఆఫీసు వాళ్ళే దగ్గరుండి కరెంటు లాగించి, మైకు పెట్టించారు. మొక్కుకునే వాళ్ళ కొడుకుల పేర్లూ వయసులూ ఆ మైకులో గట్టిగా చదువుతారు. వార్డు ఆఫీసు మనిషి ఒకడు టీ తాగుతూ శ్రద్ధగా వింటుంటాడు.

మణిమాల బండి ఆ దారిలోనే ఉంది కాబట్టి బేరం బాగా పెరిగింది. మొన్న పొద్దున పెగూ నుంచి వచ్చిన ఒక తెలుగామె రెండు దోసెలు చెప్పి, పూల బుట్ట బల్ల మీద పెట్టి, ఫోను తీసింది.

"ఈ తల్లి మాటలు ఇన్నావా అమ్మా? నేను రోజూ ఇంతాను," అని వీడియో పెట్టింది. మొహం కనపడకుండా మసకగా చేసిన ఒక ఆడమనిషి నేల మీద పడి అరుస్తోంది. మణిమాల తన గొంతు తనే వింది.

"ఈవిడ కొడుకుని అమ్మోరు కడుపులో దాసుకుని దాటించీసినాదట. అదురుష్టమంటే అదీ. నీకు మగపిల్లలున్నారా?"

"ఒక్కడున్నాడు."

"మరి ఇంకేల ఆలస్యం? పక్కనే ఎట్టుకుని ఎల్నేదేటి? ఎల్లు తల్లీ, ఒక్కపాలి ఎల్లు. బిడ్డని సల్లగా సూత్తాది."

మణిమాల దోసె తిరగేసింది. అంచు మాడకుండా చూసి, మడిచి, ఆకులో పెట్టి అందించింది.

"ఎల్లేనమ్మా," అంది. "సూసినాది."